బతికున్న బార్నీ కొక్కేనికి నల్లగుడ్డ

బతికున్న మనిషి బట్టలు తగిలించే కొక్కేనికి మీరు నల్లగుడ్డ కట్టారు. రెండు చలికాలాలు గడిచినా విప్పలేదు. ఆ గుడ్డ చాలదన్నట్టు ఇవాళ ఈ గోడకు పలక కూడా బిగించి, దాని మీద బంగారు రంగుతో "కీర్తిశేషుడు బార్నీ టూహిల్" అని రాయించారు. ఆ కీర్తిశేషుడు ఈ హాల్లోనే ఉన్నాడు. వెనక తలుపు దగ్గర, కోట్లు తగిలించే మూల, టోపీ కళ్ళ మీదికి లాక్కుని కూర్చున్నాడు. మీలో సగం మంది ఆయన కాళ్ళు దాటుకునే లోపలికి వచ్చారు. ఒక్కరూ "కాస్త జరుగు" అనలేదు.

ముందు అధ్యక్షుల వారికీ, పెద్దలకూ నమస్కారం చెప్పి మొదలుపెట్టాలని కార్యదర్శి స్పార్గో గారు నాకు నేర్పే పంపారు. నమస్కారం చివర్లో చెబుతాను, అప్పటికి నోట్లో తడి మిగిలితే.

నన్నెరగని వాళ్ళకు చెబుతున్నాను. నా పేరు లెన్ హాకెట్. ప్రింగల్ గారి తోళ్ళ కార్ఖానాలో సున్నం గుంటల దగ్గర పని. శనివారాలు మన సాల్ట్‌వాటర్ ఫుట్‌బాల్ జట్టులో వెనక వరుసలో ఎడమ పక్క ఆడతాను. నా చదువు మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో, ఒళ్ళు కంపు కొడుతోందని పక్కవాళ్ళు లేచిపోగా మిగిలిన బల్ల మీద సాగింది. (నవ్వులు) నవ్వండి. ఇంకాసేపట్లో నవ్వలేరు.

జట్టులో చిన్నవాణ్ణి కాబట్టి, అందరూ లేచి మౌనంగా గ్లాసెత్తే ముందు పోయినవాడి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెబుతాను. పోయినవాడెవరో మాత్రం మీకు తెలియదు. అక్కడికీ వస్తాను.

ముందు బార్నీ సంగతి. మన మైదానం చుట్టూ కంచె కూడా లేని రోజుల్లో, పొద్దున గొర్రెలు మేసి వెళ్ళాక మధ్యాహ్నం మనుషులు ఆడుకునే రోజుల్లో, ఆట మధ్యలో రెడ్‌గమ్ చెట్లు అడ్డొస్తే చుట్టూ తిరిగి పరిగెత్తే రోజుల్లో, ఈ బార్నీ ఆటకొచ్చాడు. ఏటికి అవతలి జట్టువాడు తన్నిన బంతి ఓసారి చెట్టు కొమ్మలో ఇరుక్కుంటే, అది ఎవరికి చెందాలని రెండు జట్లూ అంపైరు చొక్కా పట్టుకుని పోట్లాడుకుంటూ ఉండగా, బార్నీ బూట్లు విప్పి చెట్టెక్కి, బంతి చంకలో పెట్టుకుని దిగి, "ఎగిరి పట్టుకుంటే మనదే అన్నారుగా, నేను కాస్త నిదానంగా ఎగిరాను" అన్నాడట. ఆ ముందు వరుసలో కూర్చున్న తాతలంతా ఆ రోజు చూసినవాళ్ళే. అవునా, కాదా? (అవునని గొంతులు)

ఎగరడమంటే అలాంటి ఇలాంటి ఎగరడం కాదు. అవతలివాడి వీపు మీద మోకాలు ఆనించి పైకి లేచేవాడు. కిందున్నవాడికి బరువు తెలిసేలోపు బంతి ఆయన చేతిలో ఉండేది. దిగాక ఆ వీపు దులిపి, "క్షమించు బావా, నిచ్చెన దగ్గర్లో కనపళ్ళేదు" అనేవాడు. భుజం ఎముక విరిగిన రోజున టోపీ మడిచి చొక్కాలో ఆ భుజం కింద కుక్కుకుని ఆట ముగిసేదాకా నిలబడ్డాడు. విరగ్గొట్టినవాణ్ణి బార్నీ వాళ్ళమ్మ గొడుగుతో గోలు స్తంభాల దాకా తరిమింది. అంపైరు ఆమెను ఆపబోయి తనూ రెండు తిన్నాడు. (నవ్వులు) ఆ అంపైరు గారు ఇవాళ కూడా వచ్చారు, గొడుగు లేని చోటు చూసుకుని కూర్చున్నారు. (పెద్దగా నవ్వులు)

సరే. బ్యాంకులు తలుపులు మూసిన ఏడు, కార్ఖానాలో సగం మందిని పంపేసిన ఏడు, బార్నీ కూడా అందరిలాగే పడమటి బంగారు గనులకు ఓడెక్కాడు. తీసుకెళ్ళింది రెండే వస్తువులు, ఒక దుప్పటీ, మన జట్టు జెర్సీ. తర్వాతి చలికాలంలో ఆ గనుల ఊరు కూల్గార్డీ నుంచి, అక్కడున్న మనవాళ్ళే తంతి కొట్టారు. బార్నీ జ్వరంతో పోయాడని, పూడ్చిపెట్టామని.

ఆ తర్వాత జరిగింది మీకు తెలిసిందే. బట్టలు మార్చుకునే షెడ్డులో ఆయన కొక్కేనికి నల్లగుడ్డ కట్టారు. మైదానంలోకి దిగేముందు ఒక్కొక్కడూ ఆ గుడ్డను ముట్టుకుని దిగాడు. ఆట మొదలుపెడుతూ అంపైరు బంతిని నేలకు కొట్టి లేపేదాకా ఆయన నిలబడే చోటును గౌరవంగా ఖాళీగా వదిలేశారు. ఆ రోజు గెలిచాం. ఏళ్ళ తరబడి మనల్ని మట్టి కరిపించిన జట్టు మీద గెలిచాం. దుఃఖం అక్కడితో అయిపోయింది, అలవాటు మొదలైంది. తర్వాతి శనివారం మళ్ళీ ముట్టుకున్నారు, మళ్ళీ ఖాళీ వదిలారు, మళ్ళీ గెలిచారు. ఆ ఏడు విజేతల జెండా మన కర్రకే ఎక్కింది. ఊళ్ళో ఆడవాళ్ళు పసిపిల్లల్ని ఎత్తుకొచ్చి ఆ గుడ్డ తాకించడం మొదలుపెట్టారు.

అలాంటి వేళ, తర్వాతి సీజను మొదట్లో, ఒక గురువారం సాయంత్రం, ఆ షెడ్డు తలుపు తీసుకుని బార్నీ లోపలికొచ్చాడు.



మీరు చాలామంది ఉన్నారక్కడ. జ్వరానికి సగమైపోయి, గడ్డం పెరిగి, నవ్వుతూ నిలబడ్డాడు. "ఏంట్రా, నా కొక్కేనికి ఏం కట్టారు, తడి గుడ్డా?" అన్నాడు. ఎవడో మూల నుంచి, "దయ్యాలకు దాహమేస్తుందా బార్నీ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు సాగింది. ఆగిపోతే ఏదో ఒకటి మాట్లాడాల్సి వస్తుందని సాగింది.

అప్పుడు స్పార్గో గారు ఆయన్ని బయటికి తీసుకెళ్ళి అన్న మాట నేను చెవులారా విన్నాను. "బార్నీ, నువ్వు బతికుండటం చాలా సంతోషం. కానీ ఇప్పుడే కాదయ్యా." (నవ్వులు) నవ్వొస్తుంది కదా. "కుర్రాళ్ళు ఆ గుడ్డ మీద నమ్మకంతో ఆడుతున్నారు. ఈ సీజను అయ్యేదాకా కాస్త ఓపిక పట్టు."

బార్నీ, ఆ వెర్రి మనిషి, "జట్టు కోసమేగా, సరే" అన్నాడు.

ప్రింగల్ గారూ, మీరు లేవకండి. నా మాట అయ్యాక రేపు నన్ను పనిలోంచి తీసేయొచ్చు. ఇవాళ కూర్చోండి.

ఒక సీజను రెండయ్యాయి. చచ్చినట్టు నటించమని ఒక మనిషిని అడిగితే, మొదట్లో ఊరంతా కన్ను గీటుకుంది. తర్వాత గీటడం మానేసింది. కుర్చీ దగ్గర ఆయన వరస వస్తే మంగలి వెనకవాణ్ణి పిలిచేవాడు, ఎగతాళికి కాదు, నిజంగానే కంటికి ఆనక. సారాకొట్టు పిల్ల ఆయన ముందు నుంచే బల్ల తుడుచుకుంటూ పోయేది. కార్ఖానాలో చెట్టు బెరడు పిండి కొట్టే మర దగ్గర ఆయనకు పనిచ్చారు. అక్కడ దుమ్ములో మనిషీ గోడా ఒకే రంగులో ఉంటారు. మేస్త్రీ సాయంత్రం లోపల ఎవరూ లేరనుకుని తలుపుకు తాళం పెట్టేసిన రోజులున్నాయి. ప్రింగల్ గారి కుక్క ఒక్కటే ఆయన్ని చూస్తే తోక ఊపుతుంది. తోక ఊపి, ఆయన పక్కనున్న ఖాళీని చూసి మొరుగుతుంది.

వాళ్ళమ్మ మేరీ టూహిల్ సంగతి కూడా వినండి. శవం లేకుండానే చర్చిలో ప్రార్థనలు చేయించిన మనిషి. కొడుకు గుమ్మంలో నిలబడితే పిండి చేతులతోనే మొహమంతా తడిమింది. ముక్కు, చెవులు, విరిగి అతికిన ఎముక. ఆనక అంది: "లోపలికి రా నాయనా. వీధి తలుపులోంచి మాత్రం వద్దు, నిన్ను అటు నుంచి సాగనంపేశాను. పెరటి వైపు నుంచి రా." ఈ రోజుకీ ఆయన పెరటి వైపు నుంచే వెళ్తాడు.

ఇంతవరకూ ఇది మనుషులు చేసిన పని. ఇప్పుడు చెప్పబోయేది ఏమిటో నాకు తెలియదు. చదివిన ఏ పుస్తకంలోనూ కనపడలేదు. చూసింది చూసినట్టు చెబుతాను.

ఆ ఖాళీ చోటు పక్కన నిలబడేది నేను. మొదట్లో అది ఉత్త నేల. ఈ చలికాలం మొదలయ్యాక అక్కడ గడ్డి మీద మంచు కరగడం మానేసింది. చుట్టూ బూట్లతో తొక్కి బురదైపోయినా మనిషి నిలబడేంత ఆ చోటు తెల్లగానే ఉండేది. బంతి దొర్లుకుంటూ అక్కడికి వెళ్తే ఆగిపోయేది. కోడిగుడ్డు ఆకారపు బంతి కదా, ఎప్పుడైనా పక్కకు ఒరగాలి. ఒరగదు. మొన మీద నిలబడి ఉంటుంది, ఎవరో కింద కాలు అడ్డం పెట్టినట్టు. మీరంతా చప్పట్లు కొట్టారు, "బార్నీ ఆపాడు, బార్నీ ఆపాడు" అని. బార్నీ కంచె అవతల, ఏటి వైపు, గోనెసంచీ భుజాన వేసుకుని నిలబడి ఉండేవాడు. ఆయన కూడా ఆ బంతి వంకే చూసేవాడు.

పోయిన శనివారం ఏటి మీది పొగమంచు మైదానంలోకి వచ్చింది. ఆట మొదలవబోతోంది. అంపైరు ఇంకా బంతి లేపలేదు. నా ఎదురుగా నిలబడ్డ అవతలి జట్టువాడు, ఎర్ర జుట్టు కుర్రాడు, నా పక్కకు గడ్డం ఎగరేసి అడిగాడు.

"మీవాడికి ఆట తెలీదా ఏంటి?"

"ఎవడికి?"

"వీడికే. ఆట ఇటుంటే అటు తిరిగి నిలబడ్డాడేంటి?"

నేను తల తిప్పాను. ఉన్నాడు. మన జెర్సీ, పాతది, అడ్డచారలు వెలిసిపోయి ఉన్నాయి. మనిషి పొట్టి. బార్నీలో సగం ఉంటాడు. జెర్సీ మోకాళ్ళ దాకా వేలాడుతోంది. చేతులు రెండూ ముందుకు పెట్టుకున్నాడు. బంతి పట్టేవాడి చేతులు కావవి, పార పట్టేవాడి చేతులు. ఆటకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎడమ మోచేతి దగ్గర ఆకుపచ్చ దారంతో అతుకు. అంపైరు బంతి లేపాడు, నేను రెప్ప వేశాను, మంచు తప్ప ఏమీ లేదు.

ఆ ఎర్ర జుట్టు కుర్రాడు ఆట పూర్తయ్యేదాకా మా వైపు రాలేదు. మనం గెలిచాం. మీరు నన్ను భుజాల మీద మోశారు.

సోమవారం మధ్యాహ్నం రొట్టె తినే వేళ బెరడు మర దగ్గరికి వెళ్ళి బార్నీకి చెప్పాను. ఆయన నవ్వలేదు, భయపడలేదు. ఒక్కటే అడిగాడు.

"మోచేతి దగ్గర అతుకుందా?"

"ఉంది. ఆకుపచ్చ దారం."

"మా అమ్మ వేసింది," అన్నాడు. చేతిలో రొట్టె కింద పెట్టాడు. "వాడు జేబెజ్ రా."

ఈ పేరు ఈ హాల్లో ఇంతవరకూ ఎవరూ పలకలేదు. జేబెజ్ ట్రెవెనా. మూంటా రాగి గనుల ఊరివాడు. కూల్గార్డీలో జ్వరాల గుడారంలో బార్నీ పక్క మంచం. అక్కడ పగలు ఒళ్ళు కాలిపోతుంది, పొద్దు వాలితే ఎముకలు కొరికే చలి. ఆ కుర్రాడికి దుప్పటి లేదు. బార్నీ తన జెర్సీ విప్పి తొడిగాడు. వాడు ఆ చారలు తడుముకుంటూ, "ఈ రంగులేంటన్నా?" అని అడిగాడు. వాళ్ళ ఊళ్ళో గనీ ప్రార్థనా తప్ప ఏదీ లేదు, పుట్టాక ఒక్క ఆట చూసి ఎరగడు. బార్నీ ఆ రోజంతా వాడికి మన ఆట చెప్పాడు. మైదానం, చెట్లు, ఏరు, అమ్మ గొడుగు, అన్నీ. వాడు నవ్వి నవ్వి దగ్గి, "నన్నూ తీసుకెళ్తావా?" అన్నాడు. "తీసుకెళ్ళడమేంట్రా, నా పక్కనే నిలబెట్టుకుంటా," అన్నాడు బార్నీ.

తెల్లారి బార్నీని స్పృహ లేకుండా ఒంటెల బండి మీద వేరే ఆసుపత్రికి తరలించారు. జేబెజ్ ఆ గుడారంలోనే పోయాడు. గనుల్లో ఉన్న మన ఊరివాళ్ళు చూడ్డానికి వచ్చేసరికి, అంటుజ్వరమని మొహం మీద గుడ్డ కప్పేసి ఉంది. జెర్సీ కనపడింది. ఇంకేం చూస్తారు? మన ఊళ్ళో మనిషిని మొహం చూసి ఎప్పుడు పోల్చాం మనం? రంగులు చూసి కావలించుకుంటాం, రంగులు చూసి రాళ్ళు రువ్వుతాం. జెర్సీ చూశారు, "అయ్యో, మన బార్నీ" అన్నారు. ఆ గుడ్డ ఎత్తి చూడలేదు. జెర్సీతోనే పూడ్చి, మీద బార్నీ పేరు చెక్కారు. వాళ్ళను నేను తిట్టను. చలిలో, భయంలో, ప్రేమతో చేసిన పొరపాటది. అది తెలిసీ రెండేళ్ళు నిలబెట్టింది మీరు. తిడితే మిమ్మల్నే తిట్టాలి.

వాడు వచ్చాడు. మాటిచ్చిన చోటికి వచ్చాడు. బార్నీ చెప్పిన గుర్తుల్ని బట్టి ఏరు చూసుకుని, మైదానం చూసుకుని, బార్నీ చోటు పక్కకు వచ్చాడు. మీరు దాన్ని ఖాళీ పెట్టారు కాబట్టి అందులోనే నిలబడ్డాడు. ఆట ఎటు జరుగుతుందో తెలియక వెనక్కి తిరిగాడని అనుకున్నాం నేనూ, ఆ ఎర్ర జుట్టు కుర్రాడూ. కాదు. ఆ రాత్రి నిద్ర పట్టక, వాడి మొహం ఎటుందో గుర్తు చేసుకున్నాను. ఏటి వైపు కంచె. గోనెసంచీ వేసుకుని బార్నీ నిలబడే చోటు. వాడు ప్రతి శనివారం బార్నీ వంకే చూస్తూ నిలబడుతున్నాడు, "నా పక్కన అన్నావుగా, ఇంకా రావేం?" అని.



మీరు ముట్టుకునే గుడ్డలో అదృష్టం బార్నీది కాదు. ఊరూ పేరూ పోగొట్టుకున్న ఒక కుర్రాడి ఎదురుచూపు అది. దాన్ని తాకి గెలుస్తున్నాం మనం. ఇక్కడ చప్పట్లు పెరిగేకొద్దీ అక్కడ మంచులో వాడు చిక్కబడుతున్నాడు, ఇక్కడ బార్నీ పలచబడుతున్నాడు. మొన్న బెరడు మర దగ్గర కిటికీ ఎండ ఆయన మీద పడితే, వెనకనున్న బస్తా మీది అచ్చు అక్షరాలు నేను చదివాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఇవాళ ఈ పలక మీద గుడ్డ తీసి, అందరూ లేచి మౌనంగా గ్లాసెత్తితే, ఆ పలచబడడం పూర్తవుతుంది. రేపు ఆ పెరటి తలుపు తీసినా ఆయన కోసం తీసినట్టు ఉండదు.

ఈ శనివారం సీజను ఆఖరి ఆట. బార్నీకి మోకాలు అరిగింది, ఊపిరి అంతంత మాత్రం, ఇంకో చలికాలం ఆడలేడు. ఆయన అడిగింది ఒక్క ఆట. మీరు "అదృష్టం పోతుంది" అన్నారు. నా కోరిక చెబుతున్నాను, కమిటీ పెద్దలు వినండి. కొక్కేనికి ఉన్న నల్లగుడ్డ విప్పండి. శనివారం బార్నీ టూహిల్‌కు జెర్సీ ఇచ్చి ఆయన చోట ఆయన్ని నిలబెట్టండి. ఖాళీ వదలాలంటే ఆయన పక్కన వదలండి, నేను జరుగుతాను. ఆ పలక మీద పేరు గీకేసి జేబెజ్ ట్రెవెనా అని రాయించండి. మూంటాలో వాడికి అమ్మ ఉందట. ఆమె ఏ తలుపూ వేయకుండా కూర్చుని ఉంటుంది, కబురు పంపండి. ఇవన్నీ అయ్యాక, ఆట ముగిసిన గంట మోగాక, బార్నీకి బతికున్న మనిషికి చెప్పాల్సిన వీడ్కోలు చెప్పండి. అప్పుడు కావాలంటే స్పార్గో గారి నమస్కారాలన్నీ నేను కంఠతా చెబుతాను.

గురువారం సాయంత్రం జట్టును ఎంచుతారు. షెడ్డులో దీపం వెలిగించే లోపు నాకు జవాబు కావాలి. అవునో కాదో, సున్నితంగా చెప్పనక్కర్లేదు. కాదంటే, సున్నం గుంటల వాళ్ళం, బెరడు మర వాళ్ళం, ఈ జట్టులో వెనక వరుస మొత్తం మేమే కదా, ఎవరమూ దిగం. శనివారం గంట మోగినప్పుడు ఆ వరుసలో ఒక్కడే ఉంటాడు, ఆటకు వీపు పెట్టి. ఆ ఒక్కడితో ఆడుకోండి.

వింటున్నందుకు మీకు, నన్ను మధ్యలో లాగేయనందుకు ప్రింగల్ గారికి నా కృతజ్ఞతలు. ఇవాళ గ్లాసు మాత్రం ఎత్తను.

బార్నీ అన్నా, టోపీ తియ్యి. లోపలికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, జనం గోడలకు ఆనుకుని నిలబడుతున్నా నీ పక్క కుర్చీ మీద ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. నీ కోటు దాని వీపుకు కప్పి ఉంచావు. చలికి కప్పావని నాకు తెలుసు.

గురువారం దాకా, ఈ హాల్లో ఉన్న అందరి దగ్గరా, కనపడేవాళ్ళ దగ్గరా కనపడనివాడి దగ్గరా, సెలవు.